రాస్ప్‌బెర్రీ పై 3 బి: నాలుగు కోర్లను లేపడం నేర్చుకోవడానికి ఎలా ఉంది?

సినిమాలు చూడటానికో, ఇంట్లో ఫైళ్ల సర్వర్‌గా పెట్టుకోవడానికో ఈ చిన్న కంప్యూటర్ బోర్డు కొనేవాళ్ల కోసం రాసిన రివ్యూ కాదిది. గత ఎనిమిది నెలలుగా నేను దీన్ని ఒకే పనికి వాడుతున్నాను. సొంతంగా ఒక చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) రాసుకుని, ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లనూ ఒక్కొక్కటిగా లేపి పనిలో పెట్టడం. ఆ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఈ పాత బోర్డు ఇప్పటికీ కొనదగ్గదే. ఎందుకో చెబుతాను, ఇబ్బంది పెట్టినవీ చెబుతాను.

నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పల్లెటూళ్లలో పెట్టిన, సీ-డాట్ అనే ప్రభుత్వ సంస్థ రూపొందించిన ఎక్స్‌ఛేంజీల్లో కంట్రోల్ కార్డులు జంటగా ఉండేవి. ఒకటి పని చేస్తుంటే రెండోది సిద్ధంగా కూర్చునేది, మొదటిది పాడైతే అందుకునేది. ఊరికే కూర్చున్న కార్డుకు ‘ఇక నువ్వు లే’ అని ఎవరు చెబుతారు, లేవగానే అది మొదట ఎక్కడికి వెళ్తుంది అని చాలాసార్లు అనుకునేవాణ్ని. మా పని కార్డు మార్చడం వరకే. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

బోర్డు మా అన్నయ్య కొడుకుది. ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం కొన్నాడు, అది అయిపోయాక డ్రాయర్లో పెట్టేశాడు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన మోడల్. బ్రాడ్‌కామ్ 2837 చిప్, అందులో 1.2 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే నాలుగు ఆర్మ్ కార్టెక్స్-ఎ53 కోర్లు, 1 జీబీ మెమరీ. నా కెర్నల్‌కు అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

ఈ బోర్డులో ముందు మేలుకునేది ఆర్మ్ కోర్ కాదు. వీడియోకోర్ అనే గ్రాఫిక్స్ ప్రాసెసర్ ముందు లేస్తుంది. ఎస్‌డీ కార్డులోంచి తన ఫర్మ్‌వేర్ చదువుకుని, మన కెర్నల్ ఫైలును మెమరీలో 512 కేబీ దగ్గర పెట్టి, అప్పుడు ఆర్మ్ కోర్లను వదులుతుంది. నాలుగు కోర్లూ మొదట సున్నా అడ్రసు దగ్గరున్న ఒక చిన్న కోడ్‌లోకి వెళ్లి తమ నంబరు ఎంతో చూసుకుంటాయి. సున్నా నంబరు కోర్ మన కెర్నల్‌లోకి దూకుతుంది. మిగతా మూడూ సంకేతం వచ్చేదాకా ఆగమనే డబ్ల్యుఎఫ్ఈ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో కునుకు తీస్తూ, మెలకువ వచ్చినప్పుడల్లా మెమరీలో తమ పేరున ఉన్న గడిలోకి ఒకసారి చూస్తుంటాయి. దశాంశంలో చెప్పాలంటే ఒకటో కోర్ గడి అడ్రసు 224, రెండోదానిది 232, మూడోదానిది 240. గడిలో సున్నా ఉంటే మళ్లీ కునుకు. మనం అక్కడ ఒక అడ్రసు రాసి, ఆ సంకేతం పంపే ఎస్ఈవీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే, ఆ కోర్ లేచి నేరుగా ఆ అడ్రసుకు వస్తుంది. ఇన్నేళ్ల నా ప్రశ్నకు జవాబు ఎనిమిది బైట్ల గడి అని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటెల్, ఏఎండీ పీసీల్లో ఇదే పనికి దారి చాలా పొడుగు. మొదటి ప్రాసెసర్ తన లోకల్ ఏపిక్ (కోర్ల మధ్య సంకేతాలు చేరవేసే భాగం) ద్వారా రెండోదానికి ఇనిట్ సంకేతం పంపి, 10 మిల్లీసెకన్లు ఆగి, స్టార్టప్ సంకేతం రెండుసార్లు పంపాలి. అలా లేచిన కోర్ 16 బిట్ల రియల్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి దాని మొదటి కోడ్ మెమరీలో 1 ఎంబీ లోపే ఉండాలి. అక్కణ్నుంచి 32 బిట్లకు, తర్వాత 64 బిట్లకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. రాస్ప్‌బెర్రీ పై మీద లేచిన కోర్ అప్పటికే 64 బిట్లలో ఉంటుంది. దానికి సొంత స్టాక్ (రిటర్న్ అడ్రసుల్లాంటివి దాచుకునే చోటు) ఇచ్చి, ఈఎల్2 అనే అధికార స్థాయి నుంచి దాని కిందిదైన ఈఎల్1కు దింపి, ఎక్సెప్షన్ల (మధ్యలో వచ్చే తప్పులు, పిలుపుల) పట్టిక ఎక్కడుందో చెప్పి, మెమరీ అడ్రసులను చూసుకునే ఎమ్ఎమ్‌యూ ఆన్ చేస్తే చాలు. స్టాక్ విషయంలో మాత్రం జాగ్రత్త. నేను ఒక్కో కోర్‌కు 16 కేబీ విడిగా ఇచ్చాను. నాలుగూ ఒకే స్టాక్ మీద నడిస్తే ఒకదాని రిటర్న్ అడ్రసును ఇంకొకటి తుడిచేస్తుంది.

అసలు బోర్డు జోలికి పోకముందు క్యూఎమూ అనే ఎమ్యులేటర్‌లో (బోర్డును కంప్యూటర్లోనే అనుకరించే ప్రోగ్రాంలో) నడిపి చూశాను. అందులో పై 3 బి మెషీన్ కూడా ఉంది. ఒక్క సాయంత్రంలో నాలుగు కోర్లూ లేచి వరసగా తమ నంబర్లు ప్రింట్ చేశాయి.

“వచ్చేసింది కదా బాబాయ్, ఇంక బోర్డుతో పనేముంది?” అన్నాడు మావాడు.

“ఆగరా, అసలుదాని మీద కూడా చూద్దాం” అన్నాను.

అదే ఫైలు కార్డులో పెట్టి ఆన్ చేస్తే, కెర్నల్ మొదలైందన్న ఒక్క లైను వచ్చి ఆగిపోయింది. ఎక్స్‌ఛేంజీలో కేబుల్ ఎక్కడ తెగిందో సగం సగం చేసుకుంటూ వెతికేవాళ్లం. ఇక్కడా అదే చేశాను. ప్రతి కోర్ లేవగానే, లాక్ (ఒకసారికి ఒక్క కోరే వాడేలా చూసే తాళం) ముట్టుకోకముందే ఒక్క అంకె మాత్రం సీరియల్ పోర్టుకు పంపేలా పెట్టాను. 1, 2, 3 వచ్చాయి. అంటే అన్నీ లేస్తున్నాయి. ప్రింట్ చేయడానికి లాక్ తీసుకునే దగ్గర ఇరుక్కుంటున్నాయి.

కారణం దొరకడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆర్మ్‌లో లాక్ రాయడానికి వాడే ఎక్స్‌క్లూజివ్ లోడ్, స్టోర్ ఇన్‌స్ట్రక్షన్లు, ఎమ్ఎమ్‌యూ ఆన్ చేసి ఆ మెమరీ క్యాష్ అయ్యేదని (కోర్ తన దగ్గరి చిన్న, వేగమైన మెమరీలో కాపీ ఉంచుకోవచ్చని), కోర్లన్నీ పంచుకునేదని చెబితేనే నమ్మకంగా పనిచేస్తాయి. ఎమ్ఎమ్‌యూ ఆఫ్‌లో ఉంటే ప్రాసెసర్ మెమరీ మొత్తాన్నీ ఏదో పరికరం రిజిస్టర్లలా చూస్తుంది. నా బోర్డు మీద స్టోర్ ఎప్పటికీ సక్సెస్ కాలేదు, అది అయ్యేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించే లూప్ ఎప్పటికీ తెగలేదు. క్యూఎమూ ఈ తేడా పట్టించుకోదు, అందుకే అక్కడ నడిచింది.

సరే అని ఎమ్ఎమ్‌యూ, క్యాష్ ఆన్ చేసే కోడ్‌ను అన్నిటికంటే ముందుకు తెచ్చాను. ఈసారి మిగతా మూడు కోర్లు అసలు లేవనే లేదు! నిన్నటిదాకా లేచినవి ఇవాళ ఎందుకు లేవవు? రెండు రోజులు ఆ టెన్షన్‌తోనే గడిచాయి. చివరికి అర్థమైంది. సున్నా నంబరు కోర్ ఇప్పుడు క్యాష్‌తో నడుస్తోంది. 224లో నేను రాసిన అడ్రసు దాని క్యాష్‌లోనే ఉండిపోయింది. కునుకు తీస్తున్న కోర్లకు క్యాష్ ఇంకా ఆన్ కాలేదు, అవి అసలు మెమరీలోకి చూస్తున్నాయి, అక్కడ ఇంకా సున్నాయే ఉంది. రాసిన వెంటనే ఆ క్యాష్ లైనును మెమరీలోకి తోసే ఇన్‌స్ట్రక్షన్, అది పూర్తయ్యేదాకా ఆపే ఒక బారియర్, ఆ తర్వాత ఎస్ఈవీ. ఈ మూడు లైన్లతో సమస్య తీరిపోయింది. తర్వాత లినక్స్ కెర్నల్‌లో ఇలా గడి చూసే కోర్లను లేపే కోడ్ తీసి చదివితే, అందులోనూ రాయడం, క్యాష్ శుభ్రం చేయడం, ఎస్ఈవీ ఇవ్వడం అదే వరసలో ఉన్నాయి. చాలాసేపు ఆ లైన్లనే చూస్తూ కూర్చున్నాను.

ఈ బోర్డుకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే. ఎమ్యులేటర్ మన తప్పులను క్షమిస్తుంది, బోర్డు క్షమించదు. నేను వాడిన క్యూఎమూ వెర్షన్‌లో ఎస్ఈవీ రాయడం మర్చిపోయినా కోర్లు లేచాయి. క్యాష్ అనేది దాంట్లో లేనే లేదు. అలాగని ఎమ్యులేటర్ వద్దనను. ముందు అందులో నడవనిదే బోర్డు మీద పెట్టకండి, రోజులు కలిసొస్తాయి.

ఇక వాడకం సంగతులు. సీరియల్ కేబుల్ తప్పనిసరి. పిన్ 6 గ్రౌండ్, 8 ట్రాన్స్‌మిట్, 10 రిసీవ్. ఈ పిన్లు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. నేను కొన్న మొదటి యూఎస్‌బీ కేబుల్‌ను దుకాణంలో 3.3 అనే చెప్పి ఇచ్చారు. పాత అలవాటుకొద్దీ కలిపేముందు మీటర్ పెట్టి చూస్తే 4.8 చూపించింది. అలాగే కలిపి ఉంటే బోర్డు పోయేది. మీరూ మీటర్ పెట్టకుండా కలపకండి. తర్వాత, ఈ మోడల్‌లో మంచి సీరియల్ పోర్టును బ్లూటూత్‌కు ఇచ్చేశారు. పిన్ల మీదకు వచ్చేది మినీ యూఆర్ట్ అనే చిన్న సీరియల్ పోర్టు. దాని వేగం చిప్ లోపలి క్లాక్‌తో పాటు మారుతుంది. కాన్ఫిగ్ ఫైలులో యూఆర్ట్‌ను ఎనేబుల్ చేస్తే ఆ క్లాక్ స్థిరంగా ఉంటుంది. లేదంటే తెర మీద చెత్త అక్షరాలు వస్తాయి. పవర్ అడాప్టర్ 5 వోల్టులు, 2.5 ఆంపియర్లది పెట్టండి.

ప్రతి మార్పుకూ ఎస్‌డీ కార్డు తీసి, కంప్యూటర్లో పెట్టి, కాపీ చేసి, మళ్లీ పెట్టడం విసుగు. రెండో వారంలోనే కెర్నల్‌ను సీరియల్ కేబుల్ మీదుగా అందుకునే చిన్న లోడర్ రాసుకున్నాను. సెకనుకు 1,15,200 బిట్ల వేగం మీద నా 40 కేబీ కెర్నల్ నాలుగు సెకన్లలోపే దిగుతుంది. ఈ పని మొదటి రోజే చేసుంటే బాగుండేది.

అసంతృప్తులు రెండు. మొదటిది మాన్యువల్. ఈ చిప్‌కంటూ విడిగా పూర్తి పుస్తకం లేదు. మొదటి రాస్ప్‌బెర్రీ పై చిప్ 2835 కోసం రాసిన పెరిఫెరల్స్ మాన్యువల్‌ను, 2836 కోసం రాసిన చిన్న పత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని, అడ్రసులు మనమే మార్చుకుంటూ చదవాలి. కొత్తవాళ్లకు ఇది నిజంగా కష్టం. రెండోది ఇంటరప్ట్ కంట్రోలర్ (పరికరాల పిలుపులను కోర్లకు అందించే భాగం). ఇందులో ఉన్నది బ్రాడ్‌కామ్ సొంత అమరిక, మిగతా ఆర్మ్ లోకంలో ఎక్కువగా వాడే జీఐసీ అనే కంట్రోలర్ కాదు. ఒక కోర్ ఇంకొక కోర్‌ను తట్టి పిలవడానికి మెయిల్‌బాక్స్ రిజిస్టర్లు ఉన్నాయి, వాటితో పని సులువే. కానీ ఇక్కడ నేర్చుకున్న ఆ భాగం వేరే బోర్డు మీద పనికిరాదు.

లాక్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష పెట్టాను. నాలుగు కోర్లూ ఒకే కౌంటర్‌ను తలా 10 లక్షల సార్లు ఒకటి చొప్పున పెంచాలి. లాక్ తీసేసి నడిపితే ఒకసారి 13 లక్షలు, ఇంకోసారి 17 లక్షలు చూపించింది. లాక్ పెట్టి నడిపితే ఎన్నిసార్లు నడిపినా సరిగ్గా 40,00,000. మావాణ్ని పిలిచి రెండూ చూపించాను. వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, లాక్ ఎక్కడ రాశానో చూపించమన్నాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బు పెట్టగలిగితే 2019లో వచ్చిన పై 4 తీసుకోవచ్చు. కోర్లను లేపే పద్ధతి ఇదే, పైగా అందులో జీఐసీ-400 ఉంది. తక్కువలో కావాలంటే వాడిన 3 బి చాలు. పాతది కొనేటప్పుడు కార్డు స్లాట్ బిగుతుగా ఉందో లేదో, 6, 8, 10 పిన్లు వంగకుండా నిటారుగా ఉన్నాయో లేదో చేత్తో పట్టుకుని చూసి, అమ్మేవాళ్ల ముందే ఒకసారి బూట్ చేయించి తీసుకోండి.