గ్రాఫిక్స్ కార్డుకు మార్ఫియస్ 2 కూలర్: రొద పోయింది, చాకిరీ మిగిలింది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నా జీటీఎక్స్ 1080 కార్డు బ్లోవర్ రకానిది. అందులోని చిన్న ఫ్యాను, మూసి ఉన్న ఇరుకు దారి గుండా గాలిని నెట్టి క్యాబినెట్ వెనక నుంచి బయటికి పంపుతుంది. 180 వాట్ల వేడిని అలా తరలించాలంటే అది శరవేగంతో తిరగక తప్పదు కాబట్టి, గేమ్ మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే పక్క గదిలోంచి మా అమ్మ "మిక్సీ ఎవరు వేశారు?" అని అడిగేది. చిప్పు వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ మార్చి చూశాను. ఫ్యాను వేగం తగ్గించి చూస్తే కార్డు 83 డిగ్రీలకు చేరి, తనంతట తానే పని వేగం తగ్గించుకునేది. చివరికి రైజిన్‌టెక్ వారి మార్ఫియస్ 2 తెప్పించాను.

దీనికి వేడిని మోసుకెళ్ళే 6 మిల్లీమీటర్ల హీట్‌పైపులు 12 ఉన్నాయి. 360 వాట్ల వరకు వేడిని తట్టుకుంటుందని కంపెనీ చెబుతోంది. పెట్టెలో ఫ్యాన్లు రావు, 120 మిల్లీమీటర్లవి రెండు విడిగా కొనుక్కోవాలి.

బిగింపులో అందరూ భయపడే పని, అంటే బొమ్మలను లెక్కగట్టే అసలు చిప్పు మీద కూలర్‌ను కూర్చోబెట్టడం, నిజానికి తేలిక: పేస్ట్ రాసి, నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా బిగిస్తే సరిపోతుంది. అసలు పరీక్ష చుట్టూ ఉన్న 8 మెమరీ చిప్పుల దగ్గర, కరెంటును క్రమబద్ధం చేసే భాగాల దగ్గర ఎదురవుతుంది. పాత కూలర్‌లోని లోహపు పలక వాటన్నిటినీ కలిపి చల్లబరిచేది. కొత్తది అసలు చిప్పును మాత్రమే తాకుతుంది కనుక, మిగిలిన ప్రతి భాగానికీ వేలిగోరంత హీట్‌సింక్‌ను (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్కను) వేడిని పోనిచ్చే టేపుతో అతికించాలి. తొందరపాటులో నేను ఒక చిప్పును సరిగా తుడవలేదు. మర్నాడు చూస్తే దాని హీట్‌సింక్ ఊడి క్యాబినెట్ అడుగున పడి ఉంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండబట్టి సరిపోయింది గానీ, ఆ అల్యూమినియం ముక్క నడుస్తున్న బోర్డు మీద పడితే షార్ట్ అయ్యేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, రాత్రంతా వదిలేశాక మళ్ళీ ఊడలేదు.

కార్డు మీది ఫ్యాను సాకెట్ మామూలు నాలుగు పిన్నుల కనెక్టర్ కంటే చిన్నది కాబట్టి, ఒక అడాప్టర్ వైరు ముందే తెప్పించుకోవడం మంచిది. ఫ్యాన్లను మదర్‌బోర్డుకు కలిపితే తిరుగుతాయి గానీ, మామూలుగా ప్రాసెసర్ వేడిని బట్టి తిరుగుతాయి, కార్డు వేడిని బట్టి కాదు.

ఫలితం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. అదే గేమ్ రెండు గంటలు ఆడినా ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటలేదు. ఇన్నాళ్ళూ వినిపించని హార్డ్‌డిస్కు గరగర ఇప్పుడు వినిపిస్తోంది. అయితే మునుపు బయటికి పోయే వేడి ఇప్పుడు క్యాబినెట్‌లోనే తిరుగుతుంది, అందుకే వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను అదనంగా పెట్టవలసి వచ్చింది. కొత్త కూలర్ ఫ్యాన్లు లేకుండానే సుమారు అర కిలో బరువుండటంతో కార్డు కిందికి వంగింది. ప్రస్తుతానికి కొలతకు కోసిన చెక్కముక్క దాన్ని మోస్తోంది.

వారంటీ ఉన్న కొత్త కార్డు మీద ఈ పని చేయమని మాత్రం చెప్పను. పాత బ్లోవర్ కార్డు ఉన్నవారు కొనే ముందు రెండు కొలతలు తీసుకోవాలి: చిప్పు చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరం, కార్డు కింద ఉన్న ఖాళీ. ఫ్యాన్లతో కలిపి నా కార్డు మదర్‌బోర్డులో కార్డులు గుచ్చే స్లాట్లను మూడింటికి పైగా ఆక్రమించింది, కింద ఉన్న సౌండ్ కార్డును తీసేయక తప్పలేదు.