గ్రహాల కోసమైతే 8 అంగుళాల డాబ్సోనియన్ చాలు: మిర్యాలగూడ నుంచి ఇన్నేళ్ల వాడకం తర్వాత

గురుడు, శని, వాటి చందమామలు చూడాలంటే ఏ టెలిస్కోపు కొనాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మోటారు లేని, చేత్తో తిప్పుకునే 8 అంగుళాల డాబ్సోనియన్, అంటే నేల మీద పెట్టే సాదా పెట్టెలాంటి స్టాండు మీద కూర్చునే అద్దం టెలిస్కోపు. 2019లో కొన్నాను. మిర్యాలగూడలో మా ఇంటి దగ్గరే వాడుతున్నాను, అప్పుడప్పుడు ట్యూబును కారు వెనక సీట్లో పడుకోబెట్టి దేవరకొండ వైపు తీసుకెళ్తాను. అద్దం 203 మి.మీ., ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే దూరం) 1200 మి.మీ., కాబట్టి కన్ను ఆనించి చూసే 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 10 మి.మీ.తో 120 రెట్లు కనిపిస్తుంది. తర్వాత కొన్న, పవర్‌ని రెట్టింపు చేసే 2ఎక్స్ బార్లో కటకంతో 240 దాకా వెళ్లొచ్చు గానీ ఆ పవర్ పనికొచ్చే రాత్రులు ఏడాదిలో తక్కువే.

ఏం కనిపిస్తుందో ముందు చెప్పేస్తాను. 48 రెట్లలోనే గురుడి పెద్ద చందమామలు అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో నాలుగూ స్పష్టంగా ఒక వరుసలో ఉంటాయి. 120లో గురుడి మీద రెండు ముదురు పట్టీలు, వాటి అంచుల్లో ఎగుడుదిగుడులు, మన వైపు తిరిగి ఉంటే ఎర్రమచ్చ అనే పెద్ద తుపాను కూడా. అది ఫోటోల్లో ఉన్నంత ఎర్రగా ఉండదు, లేత ఇటుక రంగు. గురుడు గుండ్రంగా లేడని కంటికే తెలుస్తుంది, అంత పెద్ద గోళం పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి నడుము దగ్గర ఉబ్బి ధ్రువాల దగ్గర అణిగిపోయింది, రెండు వ్యాసాలకూ తేడా 9,000 కిలోమీటర్ల పైనే.

కానీ నన్ను ఇన్నేళ్లూ పట్టి ఉంచింది చందమామల కదలిక. అయో 42 గంటల 28 నిమిషాలకో చుట్టు వేస్తుంది, దాని నీడ గురుడి ముఖం మీద నల్లటి చుక్కలా రెండు గంటల పైచిలుకు నడుస్తుంది, మనం టీ తాగి వచ్చేసరికి చోటు మారి ఉంటుంది. ఒకసారి మా పక్కింటి పెద్దమ్మ చూస్తుండగా అయో గురుడి నీడలోకి వెళ్లింది. గురుడి అంచుకు ఇంకా ఎడంగా ఉండగానే మూడు నాలుగు నిమిషాల్లో మసకబారి ఆరిపోయింది. "ఇప్పుడే ఉండె గద బిడ్డా, ఏడికి పోయింది?" అని ఆమె ఐపీస్ వదల్లేదు. సరిగ్గా ఇలాంటి గ్రహణాల వేళలు రాసిపెట్టుకునే 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త ఓల్ రోమర్ వెలుగుకు వేగం ఉందని తేల్చాడు. భూమి గురుడికి దూరమవుతున్న కొద్దీ గ్రహణాలు ఆలస్యమవుతున్నాయి, ఆ ఆలస్యం అయోది కాదు, వెలుగు ప్రయాణానిది. అదే దృశ్యం మన ఊళ్లో డాబా మీద దొరుకుతుంది.

ఇంకో సంగతి, అయో నాలుగు చుట్లు తిరిగేలోపు యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి. ఈ లెక్క తప్పకపోవడం వల్లే అయో కక్ష్య పూర్తి వృత్తం కాలేకపోతోంది, గురుడికి దగ్గరవుతూ దూరమవుతూ దాని ఒళ్లంతా పిసికినట్టై లోపల వేడి పుడుతుంది. 1979లో వాయేజర్ 1 వ్యోమనౌక అక్కడ అగ్నిపర్వతాలు ఎగజిమ్మడం చూసింది. మన ఐపీస్‌లో అది ఒట్టి చుక్కే, నిజమే, కానీ ఏ చుక్కను చూస్తున్నామో తెలిసి చూడటం వేరు.

ఇప్పుడు మన ప్రాంతం గురించి. మనం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం, దీని విలువ చాలామందికి తెలియదు. 2019, 2020ల్లో గురుడు దక్షిణానికి బాగా దిగి ఉన్నప్పుడు లండన్‌లో పదహారు పదిహేడు డిగ్రీల ఎత్తు దాటలేదు, మనకు యాభై డిగ్రీలకు పైగా వచ్చాడు. ఎత్తుకొచ్చిన కొద్దీ దారిలో గాలి మందం తగ్గుతుంది, బొమ్మ వణకదు. 2026 జనవరిలో మిథునంలో ఉన్నప్పుడైతే దాదాపు నడినెత్తి మీదికే వచ్చాడు. రైస్ మిల్లుల లైట్లు, వీధి దీపాలు గ్రహాలకు అడ్డం కావు, గెలాక్సీలకే చీకటి కావాలి.

అడ్డమయ్యేది వేడి. ఏప్రిల్, మేలో పగలంతా కాలిన స్లాబు అర్ధరాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటుంది, ఎండాకాలం రోడ్డు మీద ఎండమావి వణికినట్టు శని వణుకుతాడు. డాబా వదిలి మట్టి నేల మీద, వీలైతే పచ్చిక పక్కన పెట్టండి, తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. ట్యూబును ముప్పావు గంట ముందే బయట పెట్టాలి, అద్దం బయటి గాలితో సమానంగా చల్లారాలి. చలికాలంలో పొలాల మీద పలచగా మంచు పరుచుకుని, నక్షత్రాలు తక్కువగా కనిపించే రాత్రుల్ని వదులుకోకండి. అలాంటప్పుడు గాలి కదలదు, గురుడు నాకు బాగా కనిపించినవన్నీ ఆ మసక రాత్రులే. వరి కొయ్యలు తగలబెట్టే రోజుల్లో మాత్రం మూత తీయను, మసి అద్దం మీద పడుతుంది. వానాకాలం మూడు నెలలు మూసి ఉంచాల్సిందే, ఐపీసులు సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టకపోతే బూజు పడుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. చేత్తో తిప్పాలి కాబట్టి 120 రెట్లలో గ్రహం రెండు నిమిషాల లోపే దాటిపోతుంది, 240లో నిమిషం కూడా ఉండదు. నలుగురు పిల్లలు వరుసలో ఉంటే ప్రతి ఒక్కరి మధ్యా మళ్లీ సరిచేయాలి. నడినెత్తిన ఉన్న గురుడిని పట్టడం ఈ స్టాండుతో నరకం, గంట ముందో గంట తర్వాతో చూడటం మేలు. ఫైండర్ (గురిపెట్టుకునే చిన్న దుర్భిణి) క్లిప్పు విరిగి వచ్చింది, అమ్మినవాళ్లు మార్చడానికి నెలలు పట్టించారు. కారులో తీసుకెళ్లిన ప్రతిసారీ అద్దాల కొలిమేషన్, అంటే అవి ఒకే వరుసలో ఉన్నాయో లేదో, చూసుకోవాలి, అలవాటైతే ఐదు నిమిషాల పని.

శనితో మాత్రం ఎక్కువ కాలం వాడితేనే తెలిసే సంగతి ఒకటుంది. కొన్నప్పుడు వలయాలు బాగా విచ్చుకుని ఉండేవి, వలయాల మధ్య ఉండే కసీని ఖాళీ నల్లటి గీతలా చుట్టూ కనిపించేది. ఏటేటా అవి మూసుకుంటూ వచ్చి 2025 మార్చిలో భూమి సరిగ్గా వాటి తలంలోకి వచ్చింది, అప్పుడు శని సూర్యుడి పక్కన ఉండటంతో చూడలేకపోయాం, ఆ నవంబరు చివర్లో మాత్రం సన్నటి గీత దొరికింది. అంచు నుంచి అంచుకు 2,70,000 కిలోమీటర్లున్న వలయాలు చాలాచోట్ల పదుల మీటర్ల మందమే ఉంటాయని చదవడం వేరు, అవి కళ్లముందు గీతగా మారడం వేరు. ఆ ఏడాది శని పెద్ద చందమామ టైటన్ నీడ శని మీద పడిన సందర్భాలు వచ్చాయి, టైటన్ చుట్టు దాదాపు 16 రోజులు కావడంతో ప్రతిసారీ ఇంచుమించు అదే వేళకు, మనకు పగటిపూటే. బాధేసింది. 2020 డిసెంబరు 21 సాయంత్రం గురుడు, శని ఒకే ఐపీస్‌లో పట్టినప్పటి ఆనందం మాత్రం ఇంకేదీ ఇవ్వలేదు.

యురేనస్ చిన్న ఆకుపచ్చ బిళ్ల, నెప్ట్యూన్ అంతకన్నా చిన్నది, అంతే. ఫోటోలే ముఖ్యమనుకునేవాళ్లు ఇది కొనకండి, ఆకాశంతో పాటు తనంతట తానే తిరిగే ట్రాకింగ్ ఉన్న స్టాండు కావాలి.

కొనాలనుకునేవాళ్లు 2026 చివరికల్లా తీసుకోండి. గురుడి చందమామలు ఒకదాన్నొకటి కప్పుకునే, ఒకదాని మీద ఒకటి నీడ వేసుకునే కాలం ఆరేళ్లకోసారి వస్తుంది, 2026-27లో మళ్లీ వస్తోంది. రెండు చుక్కలు ఒకటైపోయి కాసేపటికి విడిపోవడం చూడటానికి 120 రెట్లు సరిపోతాయి.