వైర్‌లెస్ ఛార్జర్ కొనేటప్పుడు వాట్లు కాదు, ఫోన్‌ని గుర్తుపట్టే తీరు చూడండి

మా మలక్‌పేట ఇంట్లో ఏళ్ల తరబడి రోజూ వాడుతున్న వైర్‌లెస్ ఛార్జర్లు మూడున్నాయి. కోఠిలో కొన్న చవక ప్యాడ్ ఒకటి, ఆ తర్వాత తీసుకున్న మూడు కాయిల్స్ (రాగి తీగ చుట్టలు) ఉన్న స్టాండు ఇంకొకటి, కారులో పెట్టిన అయస్కాంతం రకం మూడోది. మూడింటి డబ్బాల మీదా 15 వాట్లనే రాసుంది. ఆ అంకె చూసి కొంటే తేడా తెలియదు. అమ్మ వాడే ఐఫోన్ 11 మామూలు క్యూఐ (చాలా కంపెనీలు పాటించే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం) ప్యాడ్ మీద 7.5 వాట్లకు మించి ఎలాగూ తీసుకోదు. అసలు తేడా వేరే చోట ఉంది. పైన పెట్టింది ఫోనా, మరొకటా అని పసిగట్టడంలో, పసిగట్టిన దాన్ని తెల్లవారేదాకా వదలకుండా పట్టుకోవడంలో ఉంది.

ప్యాడ్‌లో బరువు తెలుసుకునే మీటలాంటిదేమీ ఉండదు. లోపల ఉండేది రాగి తీగ చుట్ట, దానికి జతగా ఒక కెపాసిటర్ (విద్యుత్తుని కాసేపు నిలవుంచుకునే భాగం). ఆ రెంటికీ కలిపి ఒక సహజమైన ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఇన్నిసార్లని ఊగే వేగం) ఉంటుంది. ప్యాడ్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఊరుకోదు, ఉండుండి ఆ చుట్టలోకి చిన్న విద్యుత్ తరంగం వదిలి చూస్తుంటుంది. కుండని వేలితో తట్టి లోపల నీళ్లున్నాయో లేదో చూసినట్టే. పైన ఫోను ఉంటే దాని వెనకున్న ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పలక) వల్ల, లోహం వల్ల ఆ స్పందన మారుతుంది. గోడకి పెట్టే అడాప్టర్‌కీ ప్యాడ్‌కీ మధ్య కరెంటు కొలిచే యూఎస్‌బీ మీటరు పెట్టి చాలాసేపు గమనించాను. అంకె సున్నా దగ్గరే నిలబడి, మధ్యమధ్యలో చటుక్కున ఎగిరి పడుతుంది. రాత్రి ఫ్యాను ఆపి చెవి దగ్గర పెట్టుకుంటే చవక ప్యాడ్ నుంచి సన్నగా టిక్, టిక్ అని వినిపిస్తుంది కూడా.

అయితే ఇంతవరకు ప్యాడ్‌కి తెలిసింది 'ఏదో ఉంది' అని మాత్రమే. రూపాయి బిళ్ల పెట్టినా అంతే, తాళంచెవి పెట్టినా అంతే. అందుకని రెండో మెట్టు ఉంది. ఈసారి కాస్త ఎక్కువ శక్తిని, సెకనులో పదో వంతు కూడా పట్టనంత కొద్దిసేపు వదులుతుంది. ఫోనులోని రిసీవర్ చిప్ ఆ శక్తితోనే మేలుకుని బదులిస్తుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి, బటన్ నొక్కినా వెలగని ఫోన్‌ని కూడా ప్యాడ్ గుర్తుపట్టేది ఇందుకే. బదులివ్వడానికి బ్లూటూత్, వైఫై ఏవీ అక్కర్లేదు. ఫోను తన కాయిల్ మీది లోడుని (అది లాగే కరెంటుని) మార్చి మార్చి పెడుతుంది, ఆ ఒడుదొడుకులు ప్యాడ్ కాయిల్‌లో కనిపిస్తాయి. వేగం సెకనుకి 2 కిలోబిట్లే. సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో ముందు చెబుతుంది, తర్వాత తానెవరో, ఎంత పవరు కావాలో. బిళ్లకి ఈ బదులివ్వడం చేతకాదు కాబట్టి ప్యాడ్ అక్కడితో ఆగిపోతుంది.

ఛార్జింగ్ మొదలయ్యాక కూడా ఈ మాటలు సాగుతూనే ఉంటాయి. ఇంకాస్త పెంచు, ఇప్పుడు తగ్గించు అని ఫోను సెకనుకి కొన్నిసార్లు చెబుతుంటుంది. ఒకటిన్నర సెకను పాటు ఆ కబురు రాకపోతే ప్యాడ్ పవరు ఆపేస్తుంది. ఫోను పైకెత్తగానే లైటు మారడానికి కారణం ఆ మౌనమే.

నా చవక ప్యాడ్ ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. దాంట్లో ఒకటే కాయిల్. దళసరి కవరున్న ఫోను వేలెడు పక్కకి జరిగితే చాలు, కబుర్లు అందక పవరు ఆపేస్తుంది, మళ్లీ తట్టి చూస్తుంది, మళ్లీ మొదలెడుతుంది. రాత్రంతా ఫోను మోగుతూనే ఉంటుంది, పొద్దున చూస్తే 40 శాతం. వెనక్కి పట్టుకెళ్తే షాపతను "ఫోన్ మార్చి చూడన్నా" అన్నాడు తప్ప తీసుకోలేదు.

స్టాండుతో ఆ బాధ లేదు. మూడు కాయిల్స్‌నీ వంతులవారీగా పరీక్షించి, దేని దగ్గర సిగ్నల్ బలంగా ఉంటే దాన్నే వాడుకుంటుంది. అందుకే లైటు వెలగడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని నేను లోపంగా లెక్కెయ్యను. నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా పట్టుకుంటుంది. ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా ఎవరూ ముట్టుకోకుండానే ఫోన్‌ని వెతుక్కుని మళ్లీ ఎక్కించడం మొదలుపెడుతుంది.

ఈ రెంటి మధ్య అంతరం నాకు పూర్తిగా తెలిసొచ్చింది అమ్మ ఫోను వల్ల. అమ్మ ఫోను కవరు లోపల వెంకటేశ్వరస్వామి రాగిరేకు పెట్టుకుంది. స్టాండు మీద పెడితే కాసేపటికే ఎర్ర లైటు మిణుకుమని ఆగిపోయేది. "దేవుడి రేకుంటే ఛార్జింగ్ ఎక్కదేంట్రా?" అని అడిగింది. అదే ఫోను చవక ప్యాడ్ మీద పెడితే హాయిగా ఎక్కుతున్నట్టే కనిపించింది. కానీ కవరు తీసి రేకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, కవరు లోపలి వైపు రేకు ఆకారంలో రంగు మారిపోయింది. ప్యాడ్ కాయిల్ పుట్టించే, మారే అయస్కాంత క్షేత్రంలో పల్చటి లోహం ఉంటే దాంట్లో సుడి ప్రవాహాలు (సుడుల్లా తిరిగే కరెంటు) పుట్టి వేడెక్కుతుంది. మంచి ఛార్జర్ తను పంపిన పవరెంత, ఫోను అందిందని చెప్పిన పవరెంత అని లెక్క చూసుకుంటుంది. మధ్యలో ఎక్కువ మాయమైతే ఏదో లోహం తింటోందని ఆపేస్తుంది. క్యూఐ ప్రమాణంలో ఉన్న రక్షణే ఇది. నా చవక ప్యాడ్‌కి ఆ లెక్క లేదో, ఉన్నా సరిగ్గా చెయ్యదో గానీ, ఆ రోజే దాన్ని పడగ్గదిలోంచి తీసేశాను. స్వామి రేకు అమ్మ పర్సులోకి మారింది. మెట్రో కార్డు, ఏటీఎం కార్డు కవరు వెనక దోపుకునేవాళ్లు కూడా ఛార్జింగ్‌కి ముందు తీసెయ్యాల్సిందే.

కారులో ఉన్నది క్యూఐ2. యాపిల్ 2020లో ఐఫోన్ 12తో తెచ్చిన, ఫోన్‌కి ఛార్జర్‌ని అయస్కాంతాలతో అతికించే మ్యాగ్‌సేఫ్ పద్ధతి ఆధారంగా 2023లో వచ్చిన ప్రమాణం.  అయస్కాంతాల వలయం కాయిల్‌ని కాయిల్‌కి ఎదురుగా కూర్చోబెడుతుంది కాబట్టి గుర్తుపట్టడంలో తడబాటే లేదు. దిల్‌సుఖ్‌నగర్ గతుకుల్లోనూ ఛార్జింగ్ ఒక్కసారి కూడా తెగలేదు. బాధల్లా ఎండతోనే. మే నెల మధ్యాహ్నం అద్దం వెనక వేడికి ఫోనే ఇక చాలని పవరు ఆపమంటుంది. ఏసీ గాలి తగిలే చోటుకి మార్చాక కొంత నయం.

ఇయర్‌బడ్స్ డబ్బాకి మాత్రం మూడూ సమంగా ఇబ్బంది పెడతాయి. దాని కాయిల్ చిన్నది, సరిగ్గా నడిమధ్యలో పెట్టి లైటు చూసుకునే కదలాలి.

కొనేవాళ్లు క్యూఐ ధ్రువీకరణ గుర్తు ఉందో లేదో చూడండి. షాపులోనే మీ ఫోన్‌ని మీ కవరుతోనే పెట్టించండి, కావాలని కాస్త పక్కకి జరిపి రెండు నిమిషాలు గమనించండి. లైటు ఆగి ఆగి వెలుగుతుంటే, డబ్బా మీద ఎన్ని వాట్లున్నా అక్కడే వదిలేసి పక్క షాపుకి వెళ్లండి.