షాఫ్టు బండికి ఫైనల్ డ్రైవ్ ఆయిల్: అనంతపురంలోని ఒక లారీ షెడ్డు పనితనం

అనంతపురంలో బళ్లారి రోడ్డు మీద లారీలకు, ట్రాక్టర్లకు హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య పళ్ల చక్రాలుండే పెట్టె) పని చేసే ఒక పాత షెడ్డులో నా బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్‌కు ఫైనల్ డ్రైవ్ ఆయిల్ మార్పించుకున్నాను. గొలుసుకు బదులు షాఫ్టుతో, అంటే తిరిగే కడ్డీతో, నడిచే మోటారు సైకిళ్లు మన జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉన్నాయి కనుక, ఇంత చిన్న పనికి కూడా రెండు వందల కిలోమీటర్లు దాటి బెంగళూరుకు పోక తప్పదని వాటి యజమానుల్లో చాలామంది అనుకుంటున్నారు. నా అనుభవంలో ఆ అవసరం కనబడలేదు. అయితే బండిని వదిలేసి సాయంత్రం వచ్చి తీసుకుపోయే తరహా షెడ్డు కాదిది. మనం దగ్గరుండాలి, కొన్ని వస్తువులు మనమే తెచ్చుకోవాలి.

ద్విచక్ర వాహనాల మెకానిక్కులను వదిలి లారీ మెకానిక్కు దగ్గరికి ఎందుకు పోయానో చెప్పాలి. షాఫ్టు బండిలో వెనక చక్రం పక్కనుండే గుండ్రటి పెట్టెనే ఫైనల్ డ్రైవ్ అంటారు, అందులో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రం ఉంటాయి. షాఫ్టు కొసన ఉన్న పినియన్ పళ్లు క్రౌన్ పళ్లతో కలిసి, బండి పొడవునా వచ్చే తిరుగుడును అడ్డంగా మళ్లించి చక్రానికి అందిస్తాయి. లారీ వెనక హౌసింగులో ఉండేదీ ఇదే ఏర్పాటు. మలుపుల్లో రెండు వైపుల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగాలి కాబట్టి అక్కడ అదనంగా డిఫరెన్షియల్ ఉంటుంది, వెనక ఒకటే చక్రమున్న మోటారు సైకిల్‌కు దాని పని లేదు. బీఎండబ్ల్యూ 1923లో తెచ్చిన తన తొలి మోటారు సైకిల్ ఆర్ 32 నాటి నుంచీ షాఫ్టును వాడుతున్నా, మన ఊళ్లలో గొలుసు బళ్ల మీదే చెయ్యి తిరిగిన కుర్రవాళ్లకు అది కొత్త వస్తువే. జీవితమంతా క్రౌన్, పినియన్ల మధ్య గడిపిన ఈ షెడ్డు పెద్దమనిషికి మాత్రం అందులో కొత్తేమీ లేదు. బండిని ఒకసారి చుట్టి చూసి, "ఇది మన లారీ హౌసింగే కదా సార్, సగం కోసి పెట్టినారు" అని ఆయన అన్న మాటతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

అభిప్రాయభేదం వచ్చిందల్లా ఆయిల్ దగ్గరే. ఈ బండికి కంపెనీ చెప్పింది 70డబ్ల్యూ-80 రకం హైపాయిడ్ ఆయిల్ (క్రౌన్, పినియన్ లాంటి పళ్ల చక్రాలకు వాడే గేర్ ఆయిల్). షెడ్డులో ఉండేది, ఆ వీధి మొత్తంలో దొరికేది, అందరూ తొంభై నంబరు అని పిలిచే 80డబ్ల్యూ-90, దానికి తోడు ట్రాక్టర్లకు పోసే 140. "మన ఎండలకు ఇంత పల్చటి ఆయిల్ నిలబడదు సార్, తొంభై నంబరే పోద్దాం" అని ఆయన గట్టిగానే చెప్పారు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఆ మాట సహజంగానే వినిపిస్తుంది. కానీ ఈ అంకెల్లో డబ్ల్యూ లేనిది వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది, అంటే బయటి ఎండ కంటే చాలా ఎక్కువ వేడిని లెక్కలోకి తీసుకునే ఆ అంకెను ఖాయం చేశారు. ఆ వేడి దగ్గర 80 గ్రేడు చిక్కదనం 8.5 నుంచి 11 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే, 90 గ్రేడుది 13.5 నుంచి 18.5 దాకా ఉంటుంది. తేడా చిన్నది కాదు. చిక్కటి ఆయిల్‌ను చిలకడానికే కొంత శక్తి ఖర్చయి, అది మళ్లీ వేడిగా మారుతుంది. ఇంకొక సంగతి: గేర్ ఆయిల్ అంకెలు, ఇంజన్ ఆయిల్ అంకెలు వేర్వేరు కొలతలకు చెందినవి కనుక, ఇంజన్‌లో పోసే 50 కంటే గేర్ ఆయిల్ 90 దాదాపు రెట్టింపు చిక్కగా ఉంటుందని భయపడనక్కరలేదు, వేడి మీద రెండూ ఇంచుమించు ఒకే చిక్కదనంలో ఉంటాయి.

అంకె కంటే ముఖ్యంగా చూడవలసింది గేర్ ఆయిల్ ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చెప్పే, డబ్బా మీది జీఎల్-5 అన్న గుర్తు. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు జారుతూ కూడా ఒరుసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిట్లిపోతుంది కాబట్టి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను చేరుస్తారు. గేర్ ఆయిల్ మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు ఆ గంధకానిదే. జీఎల్-4లో ఈ పాళ్లు తక్కువ. ఈ విషయంలో మా ఇద్దరి మధ్య వాదనే రాలేదు, హౌసింగుకు జీఎల్-5 తప్ప ఇంకొకటి పోయనని ఆయనే ముందుగా అన్నారు. చివరికి నేను తెప్పించుకున్న 70డబ్ల్యూ-80 డబ్బానే వాడారు, ముఖం కొంచెం ముడుచుకున్నా.

ఇక పని. ఆయిల్ వేడెక్కితే మడ్డితో సహా దిగుతుందని, రాప్తాడు దాకా ఒకసారి నడిపి తీసుకురమ్మన్నారు. వచ్చాక డబల్ స్టాండు వేయించి, కింది బోల్టు జోలికి పోకుండా పోసే వైపు బోల్టును ముందు వదులు చేశారు. అది బిగుసుకుపోయి రాకపోతే, ఉన్న ఆయిల్ దింపేసుకున్న బండి కొత్త ఆయిల్ పోయడానికి వీల్లేక షెడ్డులోనే ఉండిపోతుంది. ఈ వరస తెలిసినవారికి పని తెలిసినట్టే.

కింది బోల్టు ఊడదీసి, దాని కొసన ఉన్న అయస్కాంతానికి పట్టిన బూడిద రంగు ముద్దను ఆయన బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్ది, ఎండలోకి తిప్పి చూశారు. వెన్నలా మెత్తగా ఉంటే పళ్లు ఒరుసుకుని రాలిన మామూలు పొడి. వేలికి గుచ్చుకునే పొలుసులు తగిలితే బేరింగో పన్నో చెడిపోతున్నట్టు. నా బండిలో పొలుసులు లేవు. తరువాత వెనక చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి పట్టుకుని అటూ ఇటూ ఊపి, లోపలి బేరింగులో ఆట, అంటే వదులు, ఏమైనా ఉందా అని కూడా చూశారు. ఆ పరీక్ష చేయమని నేను అడగలేదు.

మార్చేటప్పుడు పోయవలసింది 180 మిల్లీలీటర్లు. దీనికి ఇంజన్‌లా గేజు పుల్ల ఉండదు, కొలిచి పోయడమే దారి. ఎక్కువైతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి, సీలు పక్కనుంచి కారి టైరు మీదకు చేరే ప్రమాదముంది. ఇరవై లీటర్ల లెక్కన పోసే షెడ్డులో ఇంత చిన్న కొలపాత్ర ఉండదని ఊహించి మెడికల్ షాపులో 60 మిల్లీలీటర్ల సిరంజి కొని తీసుకుపోయాను. మూడు సిరంజిలతో లెక్క సరిపోయింది. ఆయిల్ జిడ్డుగా నెమ్మదిగా దిగుతుంటే ఆయన సిరంజిని వదలకుండా నిలబడ్డ ఓపిక మెచ్చుకోదగినది.

లోపాలూ ఉన్నాయి. బోల్టులను 20 న్యూటన్ మీటర్లకు బిగించాలి. షెడ్డులోని టార్క్ పానా (బిగింపు బలాన్ని కొలిచే పానా) లారీ చక్రాల నట్లకు ఉద్దేశించింది, ఇంత తక్కువ అంకె దాని మీద అసలు లేనే లేదు. చేతి అంచనాతో బిగిస్తానన్నారు. ఆ చేతికి అలవాటైన బలాన్ని చూశాక అల్యూమినియం మర మీద నాకు జాలి కలిగి, నేను తెచ్చుకున్న చిన్న పానా ఇచ్చాను. పాత వాషరునే తిరగేసి వేయబోతే కొత్తది అందించాను. షాఫ్టు కీలు మీది రబ్బరు తొడుగు చిరిగితే వాన నీరు లోపలికి పోతుంది కనుక దాన్ని కూడా చూడాలి. ఆ పని నేను గుర్తుచేస్తేనే జరిగింది. అన్నింటికంటే నచ్చనిది, దింపిన ఆయిల్‌ను సెంట్రింగ్ పలకలకు పూసుకునేవారికి అమ్మే డ్రమ్ములో కలిపేయడం. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేరాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, ఆ వీధిలో పట్టించుకునే షెడ్డు నాకు కనబడలేదు.

కూలి కింద మూడు వందలు తీసుకున్నారు, గంట లోపే పని ముగిసింది. ఈ బండికి ఇరవై వేల కిలోమీటర్లకో, రెండేళ్లకో, ఏది ముందు వస్తే అప్పుడు ఈ ఆయిల్ మార్చాలి. వారంటీ గడువులో ఉన్న బండిని మాత్రం పుస్తకంలో ముద్ర పడేలా కంపెనీ సర్వీసుకే తీసుకుపోవడం మంచిది. గడువు దాటినవారు తమ బండి మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్, కొత్త వాషర్లు, సిరంజి, చిన్న టార్క్ పానా వెంట పెట్టుకుని ఉదయం పది లోపే చేరుకోవాలి; ఆ తరువాత ఇసుక ట్రాక్టర్లు వరస కడితే, మోటారు సైకిల్‌ను సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోరు.