గ్రోత్ హార్మోన్ లోపమా, అధికమా? ఏ పరీక్ష మేలు?

పిల్లవాడు ఎత్తు పెరగడం లేదన్నా, నడివయసులో ఉంగరాలు బిగుసుకుపోతూ చెప్పుల కొలత మారుతోందన్నా, రక్తంలో గ్రోత్ హార్మోన్ ఎంతుందో చూద్దామనే ఆలోచనే ముందు వస్తుంది. ఆ ఒక్క అంకెను చూసి తల్లిదండ్రులు కంగారుపడడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే అది చెప్పేది దాదాపు ఏమీ లేదు.

ఈ హార్మోన్ రోజంతా ఒకే తీరుగా రాదు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి వచ్చే జీహెచ్ఆర్‌హెచ్ అనే హార్మోన్, గ్రోత్ హార్మోన్‌ను తయారు చేసే పిట్యూటరీ గ్రంథిని ఉసిగొల్పుతుంది, సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ పగ్గం వేస్తుంది. ఆకలివేళ పొట్టలో ఊరే గ్రెలిన్ మొదటిదానికి తోడవుతుంది. ఈ లాగులాటలో హార్మోన్ అలలుగా విడుదలవుతుంది. వాటిలో పెద్దది గాఢనిద్ర పట్టిన కాసేపటికే వస్తుంది. రక్తంలో చేరినది సుమారు 20 నిమిషాల్లో సగమైపోతుంది. అందుకే పగటిపూట తీసిన రక్తంలో ఆరోగ్యవంతులకూ అది లేనట్టే కనిపించవచ్చు. నవజాత శిశువులు మాత్రం మినహాయింపు. వారిలో ఈ హార్మోన్ సహజంగానే ఎక్కువ కాబట్టి, చక్కెర పడిపోయిన శిశువుకు అది తక్కువగా ఉంటే అనుమానించాల్సిందే.

దీనితో పోలిస్తే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ నిలకడైనది. గ్రోత్ హార్మోన్ ప్రేరణతో ప్రధానంగా కాలేయం దీన్ని తయారు చేస్తుంది. ఇది మళ్లీ పిట్యూటరీని అదుపు చేస్తుంది. రోజులో ఎప్పుడు కొలిచినా పెద్దగా మారదు. అక్రోమెగలీ, అంటే పెద్దవారిలో గ్రోత్ హార్మోన్ అధికమై చేతులు, పాదాలు పెరిగే జబ్బు అనుమానం ఉంటే నా ఓటు ముందు దీనికే. అయితే విలువను వయసుతో పోల్చి చూడాలి, యౌవనారంభంలో అది బాగా పెరుగుతుంది. పోషకాహార లోపం, కాలేయ వ్యాధి, థైరాయిడ్ లోపం దాన్ని తగ్గిస్తాయి. చిన్న పిల్లల్లో మామూలుగానే తక్కువ. కాబట్టి పొట్టిగా ఉన్న బిడ్డ విషయంలో దీనొక్కదానితో తీర్పు చెప్పడం అన్యాయం.

అప్పుడే గ్రంథిని కదిలించి చూసే పరీక్షలు అవసరమవుతాయి. హార్మోన్ ఎక్కువైందనుకుంటే 75 గ్రాముల గ్లూకోజ్ తాగిస్తారు. మామూలుగా అయితే గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కన్నా దిగువకు పడిపోవాలి, పిట్యూటరీలో గడ్డ ఉంటే పడదు. ఇది నమ్మదగిన పరీక్ష. లోపాన్ని పట్టే పరీక్షల మీద నాకు అంత భరోసా లేదు. గ్రంథిని ప్రేరేపించే ఆర్జినిన్, క్లోనిడిన్, ఇన్సులిన్ వంటివి ఇచ్చి గ్రంథి స్పందిస్తుందో లేదో చూస్తారు. అదే బిడ్డకు మరోసారి చేస్తే వేరే ఫలితం రావచ్చు, ఊబకాయం ఉంటే స్పందన మందగిస్తుంది. అందుకే పిల్లల్లో సాధారణంగా రెండు పరీక్షల్లో విఫలమైతేనే లోపం అంటారు. ఇన్సులిన్‌తో చేసేది చక్కెరను కావాలని పడగొట్టే పరీక్ష. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారికి అది తగదు.

పిల్లల విషయంలో వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఎత్తు కొలతల పట్టిక. ఆరు నెలల నుంచి ఏడాది పాటు జాగ్రత్తగా కొలిచి, ఎదుగుదల వేగం నిజంగా తగ్గిందని తేలాకే సూది దాకా వెళ్లడం మంచిది.

రెండు విలువలనూ పక్కపక్కన పెడితే తప్ప బయటపడని జబ్బు ఒకటుంది. లారన్ సిండ్రోమ్‌లో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఉన్నా ఐజీఎఫ్-1 అట్టడుగున ఉంటుంది, లోపం కణాల మీద గ్రోత్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకంలోనిది. ఆ బిడ్డకు గ్రోత్ హార్మోన్ ఎంత ఇచ్చినా వృథా, ఐజీఎఫ్-1నే ఇవ్వాలి.