పీహెచ్‌పీలో వారాల లెక్క: తొమ్మిదేళ్లు వాడాక నా అభిప్రాయం

విజయనగరంలో ఉంటూ చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు, బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తుంటాను. 2016 నుంచి దాదాపు పనంతా పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే. ఇందులో నాకు బాగా నచ్చింది తేదీని మాటల్లో అడగనిచ్చే పద్ధతి. అందులో తేదీలు లెక్కపెట్టే స్ట్ర్‌టోటైమ్‌కి గానీ డేట్‌టైమ్‌కి గానీ 'నెక్స్ట్ ట్యూస్‌డే' అని ఇస్తే తేదీ చేతికొస్తుంది. కాకపోతే ఆ మాటల అర్థం మనం అనుకునేదే అని నమ్మేస్తే దెబ్బ తింటాం.

మా ఊళ్లో తేదీ అంటే ముందు సిరిమాను జాతరే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, దాని ముందురోజు సోమవారం తొలేళ్లు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మావాళ్లు రైలు టికెట్ల కోసం ముందే అడుగుతారని ఒక చిన్న పేజీ చేశాను. దసరా ఎప్పుడో పంచాంగం చూసి నేనే వేస్తాను, అక్కడినుంచి మంగళవారం వెతకడం ప్రోగ్రాము పని. 2024లో అక్టోబర్ 12, శనివారం ఇస్తే 15 వచ్చింది. సరిగ్గా అదే రోజు సిరిమాను. అంతకుముందు మాత్రం 'నెక్స్ట్' లేకుండా వట్టి 'ట్యూస్‌డే' అనే రాసి ఉండేది, ఏళ్లపాటు తేడా కనబడలేదు. 2023లో నేను వేసిన దసరా తేదీ అక్టోబర్ 24. అది మంగళవారమే. ఇచ్చిన రోజే మంగళవారమైతే 'ట్యూస్‌డే' ఆ రోజునే ఇస్తుంది, కాబట్టి పేజీలో దసరా, సిరిమాను ఒకే రోజు పడ్డాయి. ఊళ్లో సిరిమాను జరిగింది 31న. 'నెక్స్ట్' చేర్చాక సరిపోయింది. ఇంకో సంగతి: సోమవారం నాడు 'నెక్స్ట్ ట్యూస్‌డే' అంటే రేపే. మనం 'పై మంగళవారం' అనేది కావాలంటే 'ట్యూస్‌డే నెక్స్ట్ వీక్' అని రాయాలి.

తొలేళ్ల తేదీ కోసం సిరిమాను తేదీ మీద, తేదీని ముందుకో వెనక్కో జరిపే మాడిఫై వాడి ఒక రోజు తగ్గిస్తే సిరిమాను కూడా సోమవారానికి జరిగిపోయింది. మాడిఫై అసలు తేదీనే మార్చేస్తుంది. 5.5 వెర్షన్ నుంచి ఉన్న, అసలు తేదీని ముట్టుకోకుండా కొత్తది ఇచ్చే డేట్‌టైమ్ ఇమ్యూటబుల్ వాడితే ఆ బాధ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దానితోనే మొదలుపెట్టండి.

పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయనకు చెల్లింపులను గుర్తుచేసే ప్రోగ్రాము రాసినప్పుడు ఇంకా లోతు తెలిసింది. 2015 సెప్టెంబర్ 1 నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. 'సెకండ్ సాటర్‌డే ఆఫ్ ఫిబ్రవరి 2025' అంటే 8 వస్తుంది. మధ్యలో 'ఆఫ్' వదిలేస్తే 15! ఆ నెల ఒకటో తేదీయే శనివారం. 'ఆఫ్' లేకపోతే ఒకటో తేదీని లెక్కలోకి తీసుకోకుండా ఆ తరువాత వచ్చే శనివారాలనే ఎంచుతుంది. నెల శనివారంతో మొదలవకపోతే రెండు రకాలుగా రాసినా ఒకే జవాబు, అందుకే ఈ తప్పు ఎన్ని నెలలైనా దాక్కుంటుంది.

'ప్లస్ టెన్ వీక్‌డేస్' అనే సదుపాయం చూసి మొదట చాలా సంతోషించాను. అది శని, ఆదివారాలు రెండూ దాటేస్తుంది. మన బ్యాంకులు మొదటి, మూడో, ఐదో శనివారాలు పనిచేస్తాయి కదా. సంక్రాంతి, ఉగాది సెలవులు దానికి అసలే తెలియవు. చివరకు ఒక్కొక్క రోజే ముందుకు జరుపుతూ, ఆదివారమా, సెలవు శనివారమా, నా సెలవుల పట్టికలో ఉందా అని చూసుకునే లూప్ రాసుకున్నాను. పట్టిక ప్రతి జనవరిలో నేనే మార్చాలి. దీన్ని లోపం అనను, దేశానికో సెలవుల తీరు ఉన్నప్పుడు భాష మోయగలిగే బరువు కాదు.

ఎక్కువ టెన్షన్ పెట్టింది టైమ్‌జోన్. ఏమీ చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో లెక్కపెడుతుంది, మనం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు వెళ్లే మెసేజ్‌లో ఆదివారం అని పడేది. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా అంతా బాగానే ఉండేది! ఇప్పుడు ప్రతి ప్రోగ్రాము పైనా మొదట 'ఏషియా/కోల్‌కతా' సెట్ చేస్తాను.

మనవాళ్లకు గీత పెట్టి తేదీ రాసే అలవాటు. ఏటవాలు గీతతో 05/06/2025 ఇస్తే అమెరికా పద్ధతిలో మే 6 అంటుంది, అడ్డగీతతో 05-06-2025 ఇస్తే జూన్ 5. స్ట్ర్‌టోటైమ్‌కి 'మంగళవారం' అని తెలుగులో ఇస్తే అర్థం కాదు, తేదీకి బదులు ఫాల్స్ ఇస్తుంది. అది చూసుకోకుండా, తేదీని అచ్చువేసే డేట్‌కి పంపితే 1970 జనవరి 1, గురువారం అచ్చవుతుంది. అయితే తేదీని ఆయా భాషల్లో రాసిపెట్టే ఇంటల్ డేట్ ఫార్మాటర్‌కి తెలుగు లొకేల్ (ఏ భాషో చెప్పే గుర్తు) ఇస్తే వారం పేరు చక్కగా తెలుగులో వస్తుంది. పలాస ఆయన గుమాస్తా ఆ బిల్లులు చూసి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.

జావాస్క్రిప్ట్ అనే ఇంకో భాషలోని పాత డేట్‌తో కూడా ఇదే పని చేశాను. అక్కడ నెలల అంకెలు జనవరికి సున్నాతో మొదలవుతాయి, రెండో శనివారం కావాలంటే కూడికలు, తీసివేతలు మనమే రాసుకోవాలి. వారాల పని ఉన్నంతవరకు నేను పీహెచ్‌పీని వదలను.

2026కి పంచాంగంలో దసరా అక్టోబర్ 20, మళ్లీ మంగళవారమే. ప్రోగ్రాము 27 చూపిస్తోంది. గుడి నుంచి ప్రకటన వచ్చాక సరిచూసుకుని పేజీలో పెడతాను.