120 ఫిల్ముతో పద్నాలుగేళ్లు

పద్నాలుగేళ్లుగా నా ఫొటోల్లో ఎక్కువ భాగం 120 అనే వెడల్పాటి రోలు ఫిల్ము మీద తీసినవే. కెమెరా పాత ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్. పై లెన్సులోంచి మనం చూస్తాం, కింది లెన్సు ఫిల్ము మీద బొమ్మ వేస్తుంది. రేపు ఈ కెమెరా మార్చినా మారుస్తానేమో గాని, ఈ ఫిల్మును మాత్రం వదలను.

కారణం నెగెటివ్ సైజు. మామూలు 35 ఎం.ఎం. ఫిల్ము ఫ్రేము 24×36 మి.మీ. ఉంటుంది. 6×6 అని పిలిచే నా ఫ్రేము నిజానికి సుమారు 56×56. అంటే మూడున్నర రెట్లకు పైగా జాగా. పెద్ద ప్రింటు వేసినా గ్రెయిన్, అంటే బొమ్మలోని సన్నని రవ్వలు, కంటికి గుచ్చుకోదు. ముఖం మీద వెలుగు నీడలోకి మెల్లగా, ఎక్కడా తెగకుండా దిగుతుంది. అది చూశాకే నాకు 35 మీద మోజు తగ్గింది.

రోలుకు 12 ఫొటోలే. మొదటి ఏడాదంతా టెన్షనే. ఇప్పుడు వెలుగు కొలిచే మీటరు చూసి, భూతద్దం ఎత్తి ఫోకస్ సరిచూసుకున్నాకే నొక్కుతాను. పైనుంచి చూసే అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి కాబట్టి పరుగెత్తే పిల్లల్ని తీయడానికి ఇది పనికిరాదు, అక్కడ 35 ఎం.ఎం. కెమెరాయే మేలు. కానీ తల వంచుకుని చూస్తాం గనక, ఎదుటివాళ్లు బిగుసుకుపోరు.

లోడింగ్ నేర్చుకోవాల్సిన పనే. స్పూలు (ఫిల్ము చుట్టే కండె), ఫిల్ము, వెనక వెలుగును ఆపే కాగితం, అంతే. ఒకసారి పూర్తయిన రోలు దించుతుంటే చేతిలో వదులై లోపలికి వెలుగు దూరింది. చివరి మూడు ఫ్రేముల అంచులు ప్రింటులో తెల్లగా పొగమంచు కమ్మినట్టు వచ్చాయి. అప్పట్నుంచి నీడలో నిలబడి, బొటనవేలితో బిగపట్టి, రోలు చివరి కాగితం పట్టీ తడిపి అంటించాకే జేబులో వేస్తున్నాను.

ఈ కష్టం తీర్చడానికే 1963లో 126, 1972లో 110 క్యాట్రిడ్జులు, 1982లో డిస్కు ఫిల్ము, 1996లో ఏపీఎస్ (అడ్వాన్స్‌డ్ ఫొటో సిస్టమ్) ఫిల్ము షాపుల్లోకి వచ్చాయి. ఇట్టే ఎక్కించేయొచ్చు. కానీ 110 నెగెటివ్ 13×17 మి.మీ., డిస్కుది ఇంకా చిన్నది. 1901లో కొడాక్ బ్రౌనీ కెమెరా కోసం తెచ్చిన 120 ఇప్పటికీ తయారవుతోంది. ఇందులో ఫ్రేము కొలత ఫిల్ముది కాదు, కెమెరాది. అదే రోలు మీద ఒక కెమెరా 16, ఇంకొకటి 12, మరొకటి 8 ఫొటోలు తీస్తుంది. అందుకే ఎన్ని కెమెరాలు మారినా ఇది నిలబడిందని నా నమ్మకం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక పాడైన రోలు తెచ్చుకుని, వెలుగులోనే పదిసార్లు ఎక్కించి దించి చూడండి. ఖాళీ స్పూలు పారేయొద్దు, తర్వాతి రోలు చుట్టుకోవాల్సింది దాని మీదే.